ఎక్కడికని అడగకూడదు

లక్ష్మీనరసమ్మకు నీళ్ళంటే బావి నీళ్ళే. బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో పుట్టి, పక్క పల్లెకే కోడలిగా వెళ్ళి, వరిమడిలో మోకాలి లోతుకు మించి ఏనాడూ నీళ్ళలో దిగని మనిషి. అలాంటి మనిషిని తీసుకొచ్చి సముద్రంలో పడవ మీద కూర్చోబెడితే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. ఎక్కిన దగ్గర్నుంచి ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో మెళ్ళో తులసిపూసల దండ పట్టుకుని కూర్చుంది. రెండు చేతులూ ఖాళీ లేక టీ కూడా తాగలేదు.

తప్పంతా కూతురు యమునది. టెక్కలిలో బడిపిల్లలకు ఆటలు నేర్పే పంతులమ్మ. నేర్పేది కబడ్డీ అయినా, పిచ్చి మాత్రం సముద్రం మీద. మొగుడు నరేష్ నౌపడ ఉప్పు మడుల ఆఫీసులో పనిచేస్తాడు. ఆదివారం వస్తే చాలు, ఇద్దరూ భావనపాడు పోయి సర్ఫింగ్ బల్లల మీద బోర్లా పడుకుని కెరటాలెక్కుతారు. ఈ మధ్య భావనపాడు నుంచి టూరిస్టుల కోసం 'నీలవేణి' అని ఒక పెద్ద పడవ తిప్పుతున్నారని తెలిసి ఊరుకోలేకపోయారు. ఒడ్డుకు దూరంగా కొంగలదిబ్బ అని ఒక ఇసుక దీవి ఉంది. పడవ దాని దగ్గర రెండు రోజులు ఆగుతుంది. కెరటాల మీద స్వారీ చేసేవాళ్ళు చేయొచ్చు, నీళ్ళ అడుగుకి దిగి చేపల్ని చూసేవాళ్ళు చూడొచ్చు.

"నువ్వూ రామ్మా, ఇంట్లో ఒక్కదానివీ ఏటి సేస్తావు?" అంది యమున.

"నా కళ్ళెదురుగా మునుగుతావేటే? దానికి నానెందుకు?" అంది లక్ష్మీనరసమ్మ. అంటూనే వచ్చింది. కూతురు నీళ్ళలో దిగితే తాను ఇంట్లో ఉండి భయపడటం కన్నా, పక్కనే ఉండి భయపడటం మేలనుకుంది పిచ్చి తల్లి.

పడవను దిబ్బకు ఒడ్డువైపున లంగరు వేశారు. దిబ్బ మీద సరుగుడు తోట దట్టంగా ఉంటుంది. దాని అవతలే అసలు సముద్రం. అవతల ఉత్తరం కొసన కెరటాలు తాటిచెట్టంత లేస్తాయి, బల్లలు తీసుకెళ్ళేది అక్కడికి. దక్షిణం కొసన నీళ్ళలో బండలున్నాయి, మాస్కులు తగిలించుకుని మునిగేది అక్కడ. మునిగేవాళ్ళకు గుర్తుగా, నారింజరంగు బుంగ ఒకటి తాడుతో బండకు కట్టి తేలగట్టారు. పడవలో కూర్చున్నవాళ్ళకు తోట అడ్డం. ఈ కొసా కనిపించదు, ఆ కొసా కనిపించదు.

ఈ రెండు రోజుల్లో లక్ష్మీనరసమ్మ చేసిన పనల్లా కూతురికి జడలు వేయడం. కెరటాలకు వెళ్ళేటప్పుడు ఒంటిజడ బిగించి వేయాలి. మునగడానికి వెళ్ళేటప్పుడు మాత్రం రెండు జడలు. ఒంటిజడైతే మాస్కు పట్టీ తల వెనక నిలవక జారిపోతుందట, మునగడం నేర్పే పృథ్వీరాజ్ చెప్పాడు. "కెరటాలకో జడ, సేపలకో రెండు జడలు! పెళ్ళప్పుడు కూడా ఇంత సింగారం లేదే నీకు," అని సణుగుతూ దువ్వెన ఆడించింది. సణిగినా ఆ కాసేపే ఆమెకు కాస్త ధైర్యం. కూతురి తల రెండు మోకాళ్ళ మధ్య ఉన్నంతసేపు సముద్రానికి దొరకదు కదా.

ఇక ఆమెకున్న అసలు భయం సంగతి చెప్పాలి. అది సముద్రంది కాదు, ఒక మాటది.

చాలా ఏళ్ళ కిందట ఒక పొద్దున ఆమె పెనిమిటి సైకిలు బయటికి తీస్తున్నాడు. పొయ్యి దగ్గర్నుంచి ఈమె తలెత్తకుండానే "ఎక్కడికీ?" అని అడిగేసింది. ఆయన విసుక్కున్నాడు. "బయల్దేరేవోణ్ణి ఎక్కడికని అడుగుతావేటే? బుద్ధున్నాదా?" అని సైకిలుకు స్టాండు వేసి, అరుగు మీద కాసేపు కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగి మరీ వెళ్ళాడు. ఆ దోషం నీళ్ళతో పోలేదు. బొబ్బిలి రోడ్డు మీద లారీ కొట్టేసింది. యమునకప్పుడు పాలపళ్ళు కూడా ఊడలేదు.

అంతే. ఆ రోజు నుంచి లక్ష్మీనరసమ్మ నోట ఆ మాట మళ్ళీ రాలేదు. తనే కాదు, ఆమె ఎదుట ఇంకొకరు అన్నా ఊరుకునేది కాదు. బస్సెక్కితే కండక్టరు "ఎక్కడికమ్మా" అనే లోపే ఊరి పేరు అరిచి చెప్పేసేది. ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ, వాళ్ళ మనుషులు ఇంటికి తిరిగొస్తున్నారు కాబట్టి నవ్వు వస్తోంది అనుకునేది.

రెండోరోజు మధ్యాహ్నం అన్నాలయ్యాయి. టూరిస్టులందరూ గదుల్లో నడుం వాల్చారు. పృథ్వీరాజ్ కూడా టోపీ మొహం మీద వేసుకుని పడుకున్నాడు. యమున దువ్వెన పట్టుకొచ్చి తల్లి మోకాళ్ళ మధ్య చతికిలబడింది.

"ఇప్పి మళ్ళీ రెండెయ్యవే అమ్మా."

లక్ష్మీనరసమ్మ వేసింది. కళ్ళు మాత్రం నీళ్ళ మీదే ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఉన్న గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆకు కదలడం లేదు. పడమటి ఆకాశం అంచున నల్లగా ఏదో పేరుకుంటోంది. ఆ నలుపు చూస్తూ వేళ్ళకు అలవాటైన పని చేసేసింది తప్ప, ఏం వేసిందో, ఎందుకు వేసిందో మనసులోకి పోలేదు.

యమున లేచి నడుముకున్న సంచీ సర్దుకుంది, బల్ల చంకన పెట్టుకుని పడవ వెనకనున్న నిచ్చెన దగ్గరికి నడిచింది. పక్కన బెంచీ మీద కునుకుతున్న నరేష్‌కు అలికిడికి మెలకువ వచ్చింది. ఒంటికన్ను తెరిచి బల్లను చూశాడు.

"యమునా, ఎక్క..."

ఆ మాట పూర్తవలేదు. లక్ష్మీనరసమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి అల్లుడి నోటికి అడ్డంగా అరచెయ్యి వేసేసింది. ఔను, అల్లుడి నోటికే! ఎదురుగా కూర్చుని అన్నం కూడా తినని అత్త, చేతికున్న కొబ్బరినూనె మరకలతో సహా అతని నోరు మూసేసింది.

"ఒలమ్మో, ఎల్లే మనిసిని ఆ మాట అడుగుతారేటి బాబూ? నీళ్ళ మీదికి ఎల్తన్నాది, కాస్త సూసుకోవద్దా!"

నరేష్ బిత్తరపోయాడు. యమున నిచ్చెన మీద నిలబడి పకపకా నవ్వింది. "బాగా అయింది మీకు," అంది మొగుడితో. తల్లికి చెయ్యూపి "వస్తానమ్మా" అని బల్ల మీద పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ దిబ్బ ఒడ్డు చేరింది. బల్ల నెత్తిన పెట్టుకుని సరుగుడు చెట్లలోకి వెళ్ళిపోయింది. నరేష్ మూతి తుడుచుకుని మళ్ళీ పడుకున్నాడు.

కాసేపటికి పడమటి నుంచి గాలి వచ్చింది. వచ్చిందనడం చిన్నమాట, విరుచుకుపడింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. గదుల్లో గిన్నెలు దబదబా పడ్డాయి, ఎవరో పిల్ల కెవ్వుమంది. ఆ వెంటే వాన, వడగళ్ళలాంటి చినుకులతో. పట్టపగలే చీకటి కమ్మి, పడవకు దిబ్బకు మధ్య తెల్లటి తెర దిగిపోయింది.

"అమ్మాయేదీ?" అంది లక్ష్మీనరసమ్మ. ఎవరికీ వినిపించలేదు. "నా పిల్లేదీ!" అని అరిచింది.

నరేష్, పృథ్వీరాజ్ నీళ్ళలో దూకి దిబ్బ మీదికి పరిగెత్తారు. తోట దాటి అవతల గట్టున నిలబడితే చెయ్యి చాపినంత దూరం కూడా కనిపించడం లేదట. కేకలు వేస్తే గాలి వాళ్ళ నోట్లోనే కుక్కేస్తోందట. ఇసుక మీద అడుగుజాడలున్నాయేమోనని వెతికారు, వాన ఒక్కటి మిగల్చలేదు. తడిసి ముద్దయి తిరిగొచ్చారు. నరేష్ మొహం పాలిపోయింది.

సరంగు విక్టర్ చుక్కాని దగ్గర ఉన్నాడు. పడవంతటికీ పెద్ద అతనే. వైర్‌లెస్‌లో ఒడ్డునున్న గస్తీవాళ్ళకు చెప్పాడు. వాళ్ళ బోట్లు ఈ గాలిలో రావాలంటే చాలా సేపు పడుతుందన్నారు.

"ఇది నేల మీంచి సముద్రానికి తోసే గాలి," అన్నాడు విక్టర్. "ఆ బల్లతో పాటు పిల్లని లోనికి లాక్కెలిపోద్ది. మనం బేగి ఎల్లాలి. రబ్బరు పడవ ఈ గాలికి తిరగబడిపోతాది, పెద్ద పడవే తిప్పాలి. దిబ్బకి రెండు కొసలా ఇసుక మేటలున్నాయి, బాగా సుట్టు తిరిగి పోవాలి. ఒక కొస సూసి రెండో కొసకొచ్చేసరికి పొద్దుగూకిపోద్ది. ఏ కొసకెల్లిందో సెప్పండి. ఎటెల్లింది?"

నరేష్ తల అడ్డంగా ఊపాడు.

"అడగలేదేటి ఎవులూ?" అన్నాడు విక్టర్, నమ్మలేనట్టు.

నరేష్ అత్త వైపు చూశాడు. ఏమీ అనలేదు. అతను ఏమన్నా బాగుండేది. తిట్టినా బాగుండేది. లక్ష్మీనరసమ్మ తల దించేసుకుంది.  అప్పుడు అడిగి ఆయన్ని పోగొట్టుకున్నాను, ఇప్పుడు అడగనివ్వక పిల్లని పోగొట్టుకుంటున్నాను. దేవుడా, నన్నేం చెయ్యమంటావురా అని లోపల్లోపలే ఏడిచింది. పైకి ఏడుపు కూడా రాలేదు.

"బల్ల పట్టుకెళ్ళింది," అన్నాడు నరేష్. "నేను చూశాను. బల్ల ఉందంటే కెరటాలకే. ఉత్తరం కొసకే పోనీ."

అది సబబుగానే తోచింది అందరికీ. పృథ్వీరాజ్ తలూపాడు. లంగరు లేపారు, ఇంజను హోరెత్తింది. 'నీలవేణి' ఉత్తరానికి తిరిగింది.

లక్ష్మీనరసమ్మ కమ్మీని కరుచుకుని నిలబడింది. వాన మొహాన కొడుతోంది. కళ్ళు మూస్తే కూతురు, తెరిస్తే నల్లటి నీళ్ళు. ఏదో ఒకటి పట్టుకోవాలనిపించి కొంగు వెతుక్కుంది. కొంగున దోపిన దువ్వెన చేతికి తగిలింది. దాని పళ్ళలో రెండు మూడు పొడవాటి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. వాటిని చూడగానే ఇందాకటి నుంచి బిగబట్టిన ఏడుపు తన్నుకొచ్చింది. ఇందాక ఈ తల నా మోకాళ్ళ మధ్యే ఉంది కదా, వదలకపోతే బాగుండునే, ఇప్పి మళ్ళీ రెండెయ్యవే అన్నప్పుడే గట్టిగా పట్టుకుని...

రెండెయ్యవే.



"ఆపండి!" అని అరిచింది. "బాబూ ఇక్టరూ, ఆపు! ఇటు కాదు, అటు! ఆ సివర!"

ఊగుతున్న పడవలో పడుతూ లేస్తూ చుక్కాని గది దాకా వెళ్ళి తలుపు పట్టుకుంది. "రెండు జడలేసాను దానికి. సేపలకెల్లింది. కెరటాలకైతే ఒంటిజడే ఏయించుకుంటాది."

విక్టర్‌కు ఏమీ అర్థం కాలేదు. జడలేమిటి ఈ ముసలమ్మకి, మతి చలించిందా అన్నట్టు చూశాడు. నరేష్‌కు ఒళ్ళు మండింది.

"అత్తా, బల్ల నా కళ్ళతో చూశాను! మీరే నా నోరు మూసేసారు. ఇప్పుడు జడలూ గిడలూ అని దారి మళ్ళిస్తే, అది తప్పైతే?"

అది తప్పైతే. ఆ ప్రశ్న ఆమెకు కత్తిలా దిగింది. తప్పైతే ఉత్తరాన కూతురు కెరటాల మధ్య పడవ కోసం చూస్తూ చూస్తూ పోతుంది. రెండోసారి, మళ్ళీ తన నోటి మాట వల్లే.  ఏమీ అనకుండా ఊరుకుంటే పాపం అల్లుడి మీదికి పోతుంది, తన మీదికి రాదు. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం ఊరుకుందామనే అనిపించింది ఆమెకు.

అప్పుడు పృథ్వీరాజ్ వెనక నుంచి అన్నాడు. "రెండు జడలు నేనే చెప్పానన్నా, మాస్కు పట్టీ నిలవాలని. బల్లదేముంది, పట్టుకుని తేలుతూ కిందికి చూడ్డానికీ పనికొస్తాది. నిన్న అలాగే చేసింది. మాస్కు పెట్టుకునే సంచీ నడుముకి ఉందా పెద్దమ్మా?"

"ఉన్నాది! ఉన్నాది బాబూ! సర్దుకున్నాది!"

విక్టర్ ఇంకేమీ అడగలేదు. "ప్రభువా, దారి సూపించు," అని పైకే అని చుక్కాని తిప్పేశాడు. పడవ ఒక్కసారిగా ఒరిగింది, లక్ష్మీనరసమ్మ తలుపుకు కొట్టుకుని కూలబడింది. లేవలేదు. అక్కడే కూర్చుని రెండు చేతులూ జోడించింది. ఏ దేవుడికి దణ్ణం పెట్టిందో ఆమెకే తెలియదు.

దక్షిణం కొస చుట్టి వచ్చేసరికి వాన కాస్త పలచబడింది. గాలి మాత్రం తగ్గలేదు. బండలున్న చోట నీళ్ళు ఉడుకుతున్నట్టు తెల్లగా లేస్తున్నాయి. ముందుగా కనిపించింది బల్ల. తెల్లటి బల్ల, తిరగబడి, దానంతటదే దూరంగా కొట్టుకుపోతోంది. దాని మీద ఎవరూ లేరు. కాలికి కట్టుకునే తాడు తెగి వెనకాల ఈడ్చుకుపోతోంది.

నరేష్ "యమునా" అని ఒక్క కేక పెట్టి దూకబోయాడు. పృథ్వీరాజ్ నడుం పట్టి ఆపాడు. లక్ష్మీనరసమ్మ ఆ ఖాళీ బల్లనే చూస్తూ ఉండిపోయింది. పడి ఉన్న సైకిలు కూడా అప్పుడు అలాగే కనిపించింది ఆమెకు, చక్రం గాలికి తిరుగుతూ, పక్కన మనిషి లేకుండా.

"బుంగ కాడ సూడండి!" విక్టర్ అరిచాడు. "బుంగ!"

నారింజరంగు బుంగ ఒక కెరటంలో మునిగి, మళ్ళీ తేలింది. దాన్ని కావలించుకుని రెండు చేతులు. చేతుల మధ్య ఒక తల. ఆ తలకు అటొకటి ఇటొకటి రెండు నల్లటి జడలు నీళ్ళ మీద తేలుతున్నాయి. మరో కెరటం వచ్చింది. తల మునిగిపోయింది. లక్ష్మీనరసమ్మ ఊపిరి తీసుకోలేదు. తల మళ్ళీ తేలేదాకా తీసుకోలేదు.

పృథ్వీరాజ్ నడుముకు తాడు కట్టుకుని దూకాడు. రెండుసార్లు కెరటం వెనక్కి తోసేసింది. మూడోసారి అందుకున్నాడు. నరేష్, ఇంకో ఇద్దరు టూరిస్టులు తాడు లాగారు. యమునను పైకి చేర్చేసరికి ఆమె మోచేతుల చర్మం బండల మీది ఆల్చిప్పలకు గీసుకుని రక్తం కారుతోంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కక్కింది, దగ్గింది, మళ్ళీ కక్కింది. తర్వాత గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే అల్లుడు ఏడ్చాడు, విక్టర్ మొహం అటు తిప్పుకున్నాడు.

లక్ష్మీనరసమ్మ కూతురి తలను మోకాళ్ళ మధ్య పెట్టుకుని, తన పమిట పిండి తుడిచింది.

"ఎందుకెల్లావే, సెప్పకుండా?"

"నీళ్ళు తేరుకున్నాయి కదా అని... పొద్దున సూసిన సేపల్ని ఇంకోసారి సూద్దామని ఎల్లానమ్మా," అంది యమున, మాట మాటకీ వణుకుతూ. "సెప్పకుండా ఏటి? ఎవులైనా అడిగితే సెప్పీదాన్ని. ఎవులూ అడగలేదు."

 లక్ష్మీనరసమ్మ ఆ రెండు జడలూ విప్పి, తడి పిండి, ఆరబెట్టింది.

యమున మోచేతులు మానడానికి చాలా రోజులు పట్టింది. అన్ని రోజులూ లక్ష్మీనరసమ్మ నౌపడలో కూతురింట్లోనే ఉండిపోయింది. అత్తా అల్లుళ్ళ మధ్య ఆ మధ్యాహ్నం మాట మళ్ళీ రాలేదు. ఒకసారి మాత్రం నరేష్ అన్నం తింటూ "మీ చెయ్యి నూనె వాసన నాలుగు రోజులు పోలేదత్తా" అన్నాడు. ఆమె సిగ్గుతో వంటింట్లోకి పోయింది.

ఒక ఆదివారం పొద్దున యమున మళ్ళీ బల్ల దించింది, ఈసారి మొగుడిది. వద్దనడానికి లక్ష్మీనరసమ్మకు నోరు రాలేదు. వద్దంటే వినే పిల్ల కాదని తెలుసు. ముగ్గురూ భావనపాడు వెళ్ళారు. ఇసుకలో కూర్చుని జడ వేసింది. ఒంటిజడ. ఈసారి ఏం వేస్తోందో చూసుకుంటూ వేసింది.

యమున లేచి బల్ల చంకన పెట్టుకుంది. నాలుగడుగులు వేసింది.

లక్ష్మీనరసమ్మ నోరు తెరిచింది, మూసింది. అరుగు మీద నీళ్ళు తాగుతున్న పెనిమిటి కళ్ళ ముందు కదిలాడు.  కూతురు నీటి అంచు దాకా వెళ్ళిపోయింది. ఇక ఉండబట్టలేక లేచి నిలబడింది.

"ఒసే యమునా! ఎక్కడికే?"

యమున గిర్రున తిరిగింది. ఆ మాట తల్లి నోట ఆమె బుద్ధెరిగాక వినలేదు. పక్కనున్న నరేష్ కూడా అలా చూస్తుండిపోయాడు.  లక్ష్మీనరసమ్మ అనేసింది, ఇక వెనక్కి తీసుకోలేదు.

యమున నవ్వలేదు. చెయ్యి చాపి చూపించింది. "అదిగో అమ్మా, ఆ నల్ల తెప్ప ఉందే, దానికి ఇటువైపు. తెల్లగా ఇరుగుతున్నాదే, ఆ కెరటం. అక్కడికి. ఎండ ముదిరీలోగా వచ్చేస్తాను."

"ఆ తెప్పకి ఇటుపక్కేనా?"

"ఇటుపక్కే."

"ఎల్లిరా," అంది.

యమున నీళ్ళలోకి దిగింది. లక్ష్మీనరసమ్మ మళ్ళీ ఇసుకలో కూర్చుంది.  కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ నల్ల తెప్ప వైపే చూస్తూ ఉండిపోయింది. నరేష్ టీ తెచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"కాస్త జరుగు బాబూ," అంది టీ వైపు చూడకుండానే. "అటు సూడాల నాను."